మన దారిని కొలిచిన మెకంజీ దొర

స్కూలు విడిచి ఎన్నేళ్లయినా మన ప్రతి ఒక్కరికీ ఒక మాస్టారు గుర్తుండిపోతారు. నాకు గుర్తుండిపోయినవారు భూగోళం చెప్పిన మాస్టారు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఆయన మమ్మల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్లి, నేలలో ఒక సరుగుడు కర్ర నిలువుగా పాతించారు. దానికి తాడు కట్టి చుట్టూ వలయం గీయించారు. పొద్దున కర్ర నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు పెట్టించారు. రెండు గుర్తులనూ కలిపితే తూర్పు పడమరలు వచ్చాయి. దానికి అడ్డంగా గీసిన గీత ఉత్తర దక్షిణాలు.

తర్వాత లేబొరేటరీ నుంచి దిక్సూచి తెప్పించి ఆ గీత మీద పెట్టారు. సూది గీతతో కలవలేదు. మూడు గజాల గీత కొసకు వెళ్లేసరికి రెండు మూడు అంగుళాల తేడా వచ్చింది. దిక్సూచి పాడైపోయిందని మేమంతా ఒకే గొంతుతో అన్నాం. పాడు కాలేదని, అది చూపే ఉత్తరం వేరు, భూమి ఇరుసు చూపే ఉత్తరం వేరని, ఆ తేడాని దిక్పాతం అంటారని మాస్టారు చెప్పారు. పరీక్షకు రాదని తెలిశాక మేం ఆ మాట మర్చిపోయాం.

చాలా ఏళ్ల తర్వాత కాలిన్ మెకంజీ జీవితం చదువుతుంటే ఆ సరుగుడు కర్ర మళ్లీ గుర్తొచ్చింది. కైఫీయతుల మెకంజీగా తెలుగువారందరికీ తెలిసిన పేరే ఇది. ఆయన చరిత్రకారుడు కావడానికి ముందు సర్వేయరు. ఆ ఉద్యోగపు తొలి రోజుల్లో మన నెల్లూరు సీమలో పనిచేసినవారు. అందుకే స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆయన కథే రాయాలనిపించింది.

స్టోర్నొవే నుంచి మద్రాసుకు

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లాండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నొవే అనే చిన్న రేవు పట్నంలో పుట్టారు. చలి, గాలి, చేపల పడవలు తప్ప పెద్దగా ఏమీ లేని ఊరు. యువకుడిగా అక్కడే సుంకాల కచేరీలో ఉద్యోగం చేశారు. లెక్కలంటే మాత్రం ప్రాణం.

ఆ లెక్కల పిచ్చే ఆయన్ని మన దేశం వైపు తిప్పింది. సంవర్గమానాలు, అంటే మనం లాగరిథమ్స్ అని బట్టీ పట్టిన పట్టికలు, కనిపెట్టిన జాన్ నేపియర్ స్కాట్లాండు వాడు. 1614లో వాటిని ప్రచురించాడు. ఆ వంశానికి చెందిన ఒక నేపియర్ ప్రభువు తమ పూర్వీకుడి జీవిత చరిత్ర రాయాలనుకుని, హిందువుల గణితం గురించి సమాచారం సేకరించే పనిలో మెకంజీని పెట్టుకున్నాడు. పుస్తకం పూర్తి కాకముందే ఆ ప్రభువు పోయాడు. మెకంజీకి మాత్రం ఈ దేశం చూడాలన్న కోరిక అలాగే ఉండిపోయింది.

1783లో, 29 ఏళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసులో దిగారు. సాధారణంగా పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు చేరే కొలువు అది. కొద్దికాలానికే మదురైలో నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ ఇంట అతిథిగా ఉండి, అక్కడి పండితులతో పరిచయం సంపాదించారు. ఈ దేశపు విద్యలన్నిటినీ తెలుసుకోవాలన్న ఆలోచన అక్కడే పుట్టిందంటారు. 1786లో ఇంజనీర్ల విభాగానికి మారారు. అప్పటినుంచి ఆయన జీవితమంతా దారుల మీదే గడిచింది. మళ్లీ స్కాట్లాండు మొహం చూడలేదు.

నెల్లూరు సీమలో

1790లో మైసూరు యుద్ధం మొదలయ్యేలోగా మద్రాసు, నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో ఇంజనీరుగా పనిచేశానని మెకంజీ 1817లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు. అప్పటికి మన నెల్లూరు పేరుకు ఆర్కాటు నవాబుది. గుంటూరు సర్కారు 1788లోనే నిజాం చేతి నుంచి కంపెనీకి వచ్చింది. కొత్తగా వచ్చిన సీమకు దారులేవి, వాగులేవి, ఫిరంగి బండ్లు ఏ రేవులో దాటగలవు అన్నది కంపెనీకి కావాల్సిన సమాచారం. ఆనాటి సర్వే ముందుగా సైన్యం కోసం, తర్వాత శిస్తు కోసం. ఇందులో దాచేదేమీ లేదు.

నెల్లూరు నుంచి ఉత్తరానికి బయలుదేరినవాడు ఎవరైనా పెన్న దాటాల్సిందే. ఆనకట్ట లేదు, వంతెన లేదు. వేసవిలో ఇసుకలో నడక, వానాకాలంలో పడవ. దాటి గట్టెక్కితే మన కోవూరు. అక్కడినుంచి అల్లూరు, కావలి, ఒంగోలు వైపు తాటితోపులు, చెరువులు, ఉప్పుటేరుల మధ్య దారి. ఆ రోజుల్లో ఇలాంటి దారిని ఎలా కొలిచేవారో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిందీ అదే.

సర్వేయరు దగ్గర ముఖ్యంగా రెండు వస్తువులుండేవి. ఒకటి పెరాంబులేటర్. పొడవాటి పిడి ఉన్న పెద్ద చక్రం. మనిషి దాన్ని తోసుకుంటూ నడుస్తుంటే, ఎన్ని చుట్లు తిరిగిందో గడియారంలాంటి పలక మీద ముల్లు చూపిస్తుంది. దాన్నిబట్టి మైళ్లు, ఫర్లాంగులు తెలుస్తాయి. రెండోది దిక్సూచి. దారి మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి, ముందున్న చెట్టునో గోపురాన్నో గురిచూసి, అది ఉత్తరానికి ఎన్ని డిగ్రీల్లో ఉందో రాసుకోవాలి. ఇంత దూరం, ఇన్ని డిగ్రీలు. మళ్లీ ఇంత దూరం, ఇన్ని డిగ్రీలు. రాత్రి డేరాలో దీపం ముందు కూర్చుని ఇవన్నీ కాగితం మీద గీస్తే దారి పటం తయారవుతుంది. జేమ్స్ రెన్నెల్ బెంగాల్‌ను కొలిచిందీ ఈ పద్ధతిలోనే.

వినడానికి సులభంగానే ఉంది. కానీ దిక్సూచి చూపే ఉత్తరం అసలు ఉత్తరం కాదు గదా. సూది ఒక్క డిగ్రీ పక్కకు చూపితే, పది మైళ్లు పోయేసరికి పటంలో మన స్థానం సుమారు 300 గజాలు జరిగిపోతుంది. అరవై మైళ్లకు ఒక మైలు తేడా. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఇలా పోతే, సముద్రంలో ఉండాల్సిన చేప పొలంలో పడుతుంది.

పైగా ఈ తేడా అన్నిచోట్లా ఒకటి కాదు, అన్ని కాలాల్లోనూ ఒకటి కాదు. లండన్‌లో 1580 ప్రాంతంలో సూది తూర్పుకు 11 డిగ్రీలు తిరిగి ఉండేది. 1657 నాటికి సరిగ్గా ఉత్తరాన్ని చూపింది. ఆ తర్వాత పడమరకు తిరుగుతూ పోయి, మెకంజీ బతికున్న కాలంలో దాదాపు 24 డిగ్రీలకు చేరింది. తోకచుక్కతో మనకు తెలిసిన ఎడ్మండ్ హేలీ అట్లాంటిక్ సముద్రమంతా తిరిగి, ఎక్కడ ఎంత తేడా ఉందో కొలిచి 1701లో పటం వేశాడు. అది సముద్రం మీది సంగతి. నేల మీద నడిచే సర్వేయరు తన తేడా తానే కనుక్కోవాలి.

సూది తప్పు కనుక్కునే పద్ధతి

దిక్సూచి తప్పును దిక్సూచితో కనుక్కోలేం. ఆకాశంకేసి చూడాల్సిందే. ఆనాటి ఇంజనీర్లకు, నావికులకు తెలిసిన పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది సూర్యోదయం. ఇందుకు మన తీరమంత అనువైన చోటు ఇంకోటి లేదు. తూర్పున అడ్డేమీ లేని సముద్రం. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండే రెండుసార్లు, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. మిగతా రోజుల్లో ఉత్తరానికో దక్షిణానికో జరిగి ఉదయిస్తాడు. ఎంత జరుగుతాడన్నది ఆ రోజు సూర్యుడి క్రాంతి మీద, మన ఊరి అక్షాంశం మీద ఆధారపడుతుంది. మొదటిది నావికుల పంచాంగంలో దొరుకుతుంది. రెండోది మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే తెలుస్తుంది.

కోవూరు అక్షాంశం 14 డిగ్రీల 30 నిమిషాలు అనుకుందాం. జూన్ 21న సూర్యుడి క్రాంతి 23 డిగ్రీల 28 నిమిషాలు. క్రాంతి సైన్ విలువను అక్షాంశం కొసైన్ విలువతో భాగిస్తే వచ్చేదే ఆ కోణం సైన్ విలువ. లెక్క చేస్తే 24 డిగ్రీల 17 నిమిషాలు వస్తుంది. అంటే ఆ రోజు మైపాడు ఒడ్డున సూర్యుడు తూర్పు నుంచి ఉత్తరానికి అంత జరిగి ఉదయించాలి. దిక్సూచితో చూస్తే 25 డిగ్రీల 17 నిమిషాలు జరిగినట్టు కనిపించిందనుకోండి. సూర్యుడు తప్పు చేయడు గదా. సూది అసలు ఉత్తరానికి ఒక డిగ్రీ తూర్పుగా చూపిస్తోందన్నమాట. ఈ గుణకార భాగహారాలు తేలిక చేసేవి నేపియర్ సంవర్గమానాలే. ఎవరి జీవిత చరిత్ర కోసం మెకంజీ గణితంలోకి దిగారో, ఆయన పట్టికలే డేరాలో ఆనాటి ప్రతి సర్వేయరుకూ తోడు.

గాలి పొరలు కాంతిని వంచడం వల్ల, సూర్యుడు నిజానికి క్షితిజానికి కిందే ఉన్నా పైకి వచ్చినట్టు కనిపిస్తాడు. అందుకని బింబం కొంత పైకి లేచేదాకా ఆగి గురిచూడాలి. పొద్దున ఒకసారి, సూర్యాస్తమయాన ఇంకోసారి చూసి రెండిటి సగటు తీస్తే ఇంకా మంచిది.

రెండోది, మా మాస్టారు చేయించిన పద్ధతి. పొద్దునా సాయంత్రం సూర్యుడు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు గురిచూసి, ఆ రెంటికీ మధ్య దిక్కు పట్టుకోవడం. దానికి దొరలు కోణమానిని వాడారు. మన స్థపతులు, జ్యోతిష్కులు శంకువు వాడారు. సూర్యసిద్ధాంతంలో చెప్పిన పద్ధతే అది. ఇల్లు కట్టేముందు మనం చేసే శంకుస్థాపనలో ఆ శంకువు పేరు ఇంకా మిగిలి ఉంది. దిక్సూచి రాకముందే మన గుడులు తూర్పుకు నిలిచాయంటే ఈ కర్ర చలవే.

మూడోది ధ్రువ నక్షత్రం. ధ్రువుడు కదలడని మనకు చిన్నప్పటినుంచీ చెప్పారు. నిజానికి ఆయనా కదులుతాడు. మెకంజీ కాలంలో ఆ నక్షత్రం అసలు ధ్రువానికి ఒకటిముప్పావు డిగ్రీల దూరంలో చిన్న వలయం తిరుగుతుండేది. ఇప్పుడు ముప్పావు డిగ్రీ కన్నా తక్కువే. ఆ వలయంలో తూర్పు కొసకు వచ్చినప్పుడు ఒకసారి, పడమర కొసకు వచ్చినప్పుడు ఒకసారి చూసి సగం చేస్తే అసలు ఉత్తరం దొరుకుతుంది. ఒక్కసారే వీలైతే పట్టిక చూసి సవరించుకోవాలి. కాకపోతే మన దగ్గర ధ్రువ నక్షత్రం ఆకాశంలో పద్నాలుగు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెట్లున్నా, మంచున్నా కనపడదు. అమెరికా ఖండాన్ని 1804 నుంచి 1806 దాకా నడిచి దాటిన లూయిస్, క్లార్క్ కూడా దిక్సూచి తప్పును ఇలా ఆకాశాన్ని చూసే లెక్కగట్టుకున్నారు.

ఇంత చేసినా ఇంకో చిక్కు ఉంది. ఇనుము. కొలత గొలుసు, సిపాయి తుపాకీ, నడుముకున్న కత్తి ఏవి దగ్గరున్నా సూది అటు తిరుగుతుంది. వాటిని దూరంగా పెట్టొచ్చు. కొండనే పక్కన పెట్టలేం గదా. ఒంగోలు దగ్గర కొణిజేడు, మర్లపాడు గుట్టల్లో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంది. అలాంటి గుట్టల పక్కన దిక్సూచి పెట్టి తీసిన దిక్కును నమ్మడానికి లేదు. అందుకే మంచి సర్వేయరు ఒకచోట కనుక్కున్న తేడాను దారి పొడుగునా వాడేవాడు కాదు. మజిలీ మారితే మళ్లీ చూసుకునేవాడు. ముందున్న చోటికి గురిచూసి, అక్కడికి వెళ్లాక వెనక్కి గురిచూసేవాడు. రెండూ కలవకపోతే రెండిట్లో ఒకచోట నేలలో ఏదో ఉందని అర్థం.

నిజాం రాజ్యంలో, బొర్రయ్యతో

1790 నుంచి 1792 దాకా మెకంజీ టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధంలో పనిచేశారు. యుద్ధం ముగిశాక నిజాం రాజ్యంలోని కంపెనీ పటాలానికి ఇంజనీరుగా, సర్వేయరుగా వెళ్లారు. దక్కను లోపలి భాగం అప్పటికి పటాల్లో చాలామటుకు ఖాళీ. మధ్యలో పుదుచ్చేరి, సింహళం యుద్ధాలకు పిలుపు వచ్చి పని ఆగుతూ ఉండేది. అయినా 1796లో నిజాం రాజ్యానికి మొత్తం పటం తయారుచేసి ప్రభుత్వానికి అందించారు. ఆ తిరుగుళ్లలోనే 1794లో నల్లమల అడవిలో శ్రీశైలం చూసి, ఆ గుడి మీద వ్యాసం రాశారు. 1797లో కృష్ణ ఒడ్డున అమరావతి చేరారు. అప్పటికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్తగా కట్టిస్తున్న పట్నం కోసం పాత దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు తీస్తున్నారు. ఆ రాళ్ల మీది బొమ్మలు మామూలువి కావని గుర్తించి ప్రపంచానికి చెప్పినవారు మెకంజీయే. తర్వాత చాలా ఏళ్లకు మళ్లీ వచ్చి వాటిని జాగ్రత్తగా బొమ్మలు గీయించారు.

1796 ప్రాంతంలోనే ఆయన జీవితంలోకి కావలి వెంకట బొర్రయ్య వచ్చారు. ఇంటిపేరు చూసి మన కావలి వారనుకునేరు. వారిది ఏలూరు. అప్పటికి ఆయన ఇరవై ఏళ్లు నిండిన కుర్రాడు. తెలుగు, సంస్కృతం, పారశీకం, హిందూస్తానీ, ఇంగ్లిషు నేర్చినవాడు. మెకంజీకి ఒక పెద్ద లోటు ఉండేది. దాదాపు నలభై ఏళ్లు ఈ దేశంలో ఉన్నా మన భాషలేవీ ఆయనకు సరిగా పట్టుబడలేదు. దాన్ని ఆయనే ఒప్పుకున్నారు. ఈ దేశపు విద్యలోకి తనకు తలుపు తెరిచింది బొర్రయ్యేనని కూడా రాశారు.

ఇక్కడే నాకు సూది గుర్తొస్తుంది. దొర డేరా వేసుకుని ఊరి పక్కన దిగితే, కరణం చెప్పే మాట ఒక రకంగా ఉంటుంది. కొలత వచ్చిందంటే వెనకే శిస్తు వస్తుందని, మాన్యాలు పోతాయని ఊళ్లవాళ్లకు భయం. ఆ భయం ఉట్టిది కూడా కాదు. ఆ భయం పక్కన ఉన్నప్పుడు మాట పక్కకు తిరుగుతుంది, ఇనుము పక్కన సూది తిరిగినట్టే. బొర్రయ్యలాంటివాళ్లు వెళ్లి, కూర్చుని, వాళ్ల భాషలో మాట్లాడి, దండకవిలెలు అడిగి చదివి, గుళ్లోని శాసనంతో పోల్చి చూస్తేగాని నిజం తేలేది కాదు. శాసనం రాతి మీద ఉంది, దాని తేదీ మారదు. కరణం చెప్పినదాన్ని దానితో సరిచూడొచ్చు. పటం మీద దారులు గీసింది దొర. ఆ దారుల వెంట ఉన్న ఊళ్ల కథ నిలబెట్టింది ఈ తెలుగు కుర్రాడు, ఆయన తర్వాత వచ్చినవాళ్లు.

మైసూరు సర్వే

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు రాజ్యమంతా కొలిచే పని మెకంజీకి అప్పగించారు. సుమారు 40,000 చదరపు మైళ్లు. ఇక్కడ ఆయన పద్ధతి మార్చారు. ఇంత పెద్ద నేలకు చక్రం, దిక్సూచి చాలవు. ఒక చదునైన చోట గొలుసుతో ఆధార రేఖ కొలిచి, కొండ శిఖరాల మీద జెండాలు పాతి, థియోడలైట్‌తో కోణాలు తీసి, త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ పోయారు. కోణం రెండు శిఖరాల మధ్య తీసేది. దానికి సూదితో పనిలేదు. దిక్సూచి పోలేదు గానీ, పెద్ద లెక్కలు త్రిభుజాలకు పోయి, చిన్న దారుల వివరాలే దానికి మిగిలాయి. పరికరం తప్పు ఎంతో తెలిసినవాడికే దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ పక్కన పెట్టాలో తెలుస్తుంది.

అదే సమయంలో విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టి, తన పెద్ద త్రికోణమితి సర్వేకు పునాది వేశాడు. అర టన్ను బరువున్న ఆయన థియోడలైట్ కథ మన పిల్లల పుస్తకాల్లోకి కూడా వచ్చింది. మెకంజీ పని అంత ఆర్భాటమైనది కాదు. ఆయన ఊరూరా చెరువులు, కాలవలు, పంటలు, కులాలు, గుళ్లు అన్నీ రాయించారు. మధ్యలో లండన్‌లోని కంపెనీ పెద్దలు ఖర్చు ఎక్కువైందని సర్వే డబ్బు కోత పెట్టారు. అడవి జ్వరాలు పట్టి మనుషులు పడిపోయారు. పని మాత్రం ఆగలేదు. మద్రాసు నక్షత్రశాలలో మైకేల్ టాపింగ్ 1794లో పెట్టిన సర్వే బడిలో చదివిన కుర్రాళ్లు ఈ పనిలో సహాయకులు. ఆ బడే తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయ్యింది. అందులో చదువుకున్న మన స్కూలు వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కాలేజీ మొదటి పాఠం నేల కొలవడమేనని గుర్తుంచుకోవాలి.

1803లో బొర్రయ్య చనిపోయారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకుని, మెకంజీ పోయేదాకా సేకరణ పని నడిపారు. నియోగులు, జైనులు, తమిళులు, మరాఠీలు ఎందరో వాళ్ల బృందంలో ఉండేవారు. ఊళ్లు తిరిగి, చూసింది, విన్నది నివేదికలుగా రాసి పంపేవారు.

చివరి రోజులు

మైసూరు తర్వాత కంపెనీకి దత్తమైన రాయలసీమ జిల్లాల సర్వే కూడా మెకంజీ ఆధ్వర్యంలోనే జరిగింది. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యారు. జావా దండయాత్రకు వెళ్లి అక్కడ రెండేళ్లు ఉన్నారు. అక్కడే 1812లో పెళ్లి చేసుకున్నారు, 58 ఏళ్ల వయసులో. 1815లో దేశమంతటికీ మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమించారు. 1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు వేసిన ఆయన తైలవర్ణ చిత్రం ఇప్పుడు లండన్‌లో ఉంది. ఎర్ర కోటులో దొర. పక్కన దూరదర్శిని పట్టుకుని కృష్ణాజీ, తాళపత్రం పట్టుకుని జైన పండితుడు ధర్మయ్య. మరో వ్యక్తి కావలి లక్ష్మయ్య అంటారు. తన బొమ్మలో తన మనుషులు ఉండాలని ఆయన కోరుకున్నారంటే, అది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1817లో కలకత్తా వెళ్లారు. ఆరోగ్యం చెడిపోయింది. తన సేకరణకంతా వివరమైన పట్టిక తయారుచేయాలన్న కోరిక తీరకుండానే 1821 మే 8న హుగ్లీ నది మీద పడవలో కన్నుమూశారు. కలకత్తా పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది. ఆయన భార్య నుంచి కంపెనీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో పట్టిక అచ్చువేస్తే అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాలు, 2,630 బొమ్మలు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి.

లక్ష్మయ్య ఆ పని తాను కొనసాగిస్తానని కంపెనీకి అర్జీ పెట్టుకున్నారు. పాతికేళ్లకు పైగా ఆ కాగితాల మధ్య బతికినవాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీని సలహా అడిగితే, విమర్శనాత్మకంగా పరిశోధించే శక్తి ఆయనకు లేదని వాళ్లు తేల్చేశారు. ఎవరి సవరణతో దొర పటం సరైనదయిందో వాళ్లకే కొలత రాదన్నట్టుగా ఉంది ఆ తీర్పు. సూదిలో తప్పు ఉంటుందని తెలిసినవాళ్లు, తీర్పుల్లో కూడా తప్పు ఉంటుందని ఆలోచించలేదు. లక్ష్మయ్య మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ అని ఒక సంఘం పెట్టుకుని తన ప్రయత్నం తాను చేశారు. ఇంకో సోదరుడు వెంకట రామస్వామి దక్కను కవుల మీద 1829లో ఇంగ్లిషులో పుస్తకం వేశారు. తెలుగు కాగితాలు చెదలు పట్టిపోతున్న దశలో సి.పి. బ్రౌన్ చొరవ తీసుకుని నకళ్లు రాయించారు. ఈనాడు మనం కైఫీయతులని చదువుకుంటున్నవి అలా మిగిలాయి. ఇవాళ మన ఊరి చరిత్ర రాయబోయే ఎవరైనా చివరికి తలుపు తట్టేది ఆ కాగితాలదే.

మన స్కూలుకు ఒక మనవి

మెకంజీ కంపెనీ ఉద్యోగి. ఆయన పటాలు మనల్ని పాలించడానికే పనికొచ్చాయి. ఆ మాట మర్చిపోకుండానే, ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఉందనుకుంటాను. చేతిలోని పరికరాన్ని నమ్మేముందు దాని తప్పు ఎంతో తెలుసుకోవడం. తనకు రాని చోట వచ్చినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సంగతి నలుగురికీ చెప్పడం.

మన ప్రాంతంలో ఇప్పుడు సూది అసలు ఉత్తరానికి ఒకటి, రెండు డిగ్రీల మధ్య పడమరగా చూపుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ అంచున ఈ తేడా, అది ఏ సంవత్సరపు లెక్కో కూడా రాసి ఉంటుంది. మన పిల్లల జేబుల్లోని సెల్‌ఫోన్లలో దిక్సూచి ఉంది. అది ఏ ఉత్తరాన్ని చూపుతోందో అడిగితే చెప్పగలవాళ్లు తక్కువ.

అందుకని సంఘానికి ఒక చిన్న మనవి. స్వర్ణోత్సవ సందర్భంగా స్కూలుకు ఏవేవో ఇస్తున్నాం, మంచిదే. వాటితోపాటు ఆటస్థలంలో ఒక మూల సిమెంటు దిమ్మ కట్టించి, మధ్యలో ఒక ఇనుము కాని కడ్డీ నిలబెట్టిస్తే చాలు. వచ్చే సెప్టెంబరు 23న ఎనిమిదో తరగతి పిల్లలు పొద్దునా సాయంత్రం నీడ కొసలు గుర్తుపెట్టి, గీత గీసి, దాని మీద దిక్సూచి పెట్టి చూస్తారు. ఎంత తేడా వచ్చిందో తేదీ వేసి దిమ్మ మీద రాస్తారు. ఏటేటా రాస్తూ పోతే, ఇంకో యాభై ఏళ్లకు శతాబ్ది సంచిక వేసేవాళ్లకు మన కోవూరు దిక్పాతం ఎలా మారిందో చెప్పే సొంత లెక్క ఉంటుంది.

దిమ్మకయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. సరుగుడు కర్ర పాతించిన మాస్టారికి నేను బాకీ ఉన్నది అదొక్కటే.